బస్సు ఎక్కడుందో టీ కొట్టు అన్ననే అడగాలా?

అలంపూర్ చౌరస్తాలో ఎండలో నిలబడ్డవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, బస్సు పోయిందా?" జవాబు చెప్పేది టీ కొట్టు అన్న. "ఇప్పుడే పాయె" అన్నాడంటే మన టైమ్ బాలేదని అర్థం. "వస్తది, కూసో" అన్నాడంటే ఒక టీ ఖర్చు.

అదే రైలైతే ఎవర్నీ అడగం. జేబులోంచి ఫోన్ తీసి 'వేర్ ఈజ్ మై ట్రైన్' చూస్తాం. బెంగళూరు కుర్రాళ్లు చేసిన యాప్ అది. 2018లో గూగుల్ కొనేసింది. మనం రైల్లో ఉంటే నెట్ లేకపోయినా సెల్ టవర్లను బట్టి అది ఎక్కడుందో చెప్పేస్తుంది. మరి బస్సు సంగతేంటి?

బస్సుకీ యాప్ ఉంది. తెలంగాణ ఆర్టీసీ 2023 ఆగస్టులో 'గమ్యం' తెచ్చింది. అందులో బస్సు మ్యాప్ మీద చుక్కలా కదులుతుంది. తుంగభద్ర దాటితే కర్నూలు, అక్కడ ఏపీఎస్ఆర్టీసీ వాళ్ల 'లైవ్ ట్రాక్' వేరే. హైదరాబాద్–కర్నూలు హైవే మీద రెండు సంస్థల బస్సులూ తిరుగుతాయి. రోడ్డు ఒక్కటే, యాప్‌లు రెండు. జోగులాంబ గుడికి, చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలకి వచ్చేవాళ్లు ఈ చౌరస్తాలో దిగి ఇంకో బస్సో ఆటోనో ఎక్కాలి. కొత్తగా వచ్చినవాళ్లకి ఏ యాప్‌లో ఏ బస్సు వెతకాలో ఎలా తెలుస్తది?

ఇంతకీ ఆ చుక్క ఎట్లా కదులుతుంది? బస్సులో ఒక చిన్న డబ్బా ఉంటుంది. అది శాటిలైట్ల నుంచి సిగ్నల్ తీసుకుని తానెక్కడుందో లెక్కేసుకుంటుంది. ఇక్కడిదాకా నెట్‌తో పని లేదు. ఆ సంగతి సర్వర్‌కి చెప్పడానికి మాత్రం లోపల సిమ్ కావాలి. 2019 జనవరి నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రయాణికుల వాహనాలకి ఏఐఎస్-140 అనే ప్రమాణం ప్రకారం ఈ డబ్బా, దానితోపాటు ప్యానిక్ బటన్ ఉండాలని కేంద్రం రూల్ పెట్టింది. సిగ్నల్ లేని చోట డబ్బా లెక్కలన్నీ దాచుకుని, సిగ్నల్ రాగానే పంపిస్తుంది. కాబట్టి మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక చుక్క ఆగిపోతే బస్సు చెడిపోయిందని కంగారు పడకండి. టవర్ అందక కూడా అలా అవుతుంది.

"ఇవన్నీ హైదరాబాద్ వాళ్లకి గానీ మనకెందుకు" అంటారేమో. అసలు అవసరం మనకే. సిటీలో ఒక బస్సు పోతే పావుగంటలో ఇంకోటి వస్తది. రోజుకి రెండుమూడు ట్రిప్పులే ఉన్న ఊళ్లో బస్సు పోతే కాలేజీ పోయినట్టే, పరీక్ష అయితే ఏడాదే పోవచ్చు. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలే లేదు. వనపర్తి వాళ్లకి 'వనపర్తి రోడ్' స్టేషన్ ఉంది గానీ అది మదనాపురంలో ఉంది. స్టేషన్ పేరులో 'రోడ్' ఉందంటే ఊరు ఇంకా దూరమని అర్థం! రైలు దిగాక బస్సు ఉందో లేదో తెలియకపోతే ఆటోవాలా చెప్పిందే రేటు. ఇక అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాల్ని వెళ్లనివ్వరు. అక్కడ సాయంత్రం బస్సు ఎంత లేటో తెలియడం చిన్న విషయం కాదు.

మరి దారేంటి? 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ బస్సుల సంస్థ తన టైమ్‌టేబుల్ మొత్తాన్ని గూగుల్‌కి ఇచ్చింది. స్టాపులు ఇవి, రూట్లు ఇవి, టైమింగ్స్ ఇవి అని కొన్ని మామూలు టెక్స్ట్ ఫైళ్లు, అంతే. జీటీఎఫ్ఎస్ అనే ఫార్మాట్ అలా పుట్టి ప్రపంచమంతా పాకింది. తర్వాత బస్సు లైవ్‌లో ఎక్కడుందో చెప్పే భాగం కూడా దానికి తోడైంది. 2018లో కొచ్చి మెట్రో తన డేటాని ఇట్లాగే అందరికీ ఇచ్చింది. మన రెండు ఆర్టీసీలూ లైవ్ డేటాని ఇదే ఫార్మాట్‌లో బయట పెడితే, ఏ గద్వాల పిల్లో వనపర్తి పాలిటెక్నిక్ పిల్లాడో రెండు రాష్ట్రాల బస్సుల్నీ, రైళ్లనీ కలిపి ఒకే యాప్‌లో తెలుగులో చూపించగలడు. ఆ పాలిటెక్నిక్ నడిచేది కూడా ఒకప్పటి సంస్థానం ప్యాలెస్‌లోనే.

ఇదేం కొత్త ఆలోచన కాదు కూడా. 1932లో నిజాం రాజ్యంలో బస్సులు మొదలుపెట్టింది రైల్వే శాఖే. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అప్పట్లో రైలుదీ బస్సుదీ ఒకటే ఇల్లు. ఇప్పుడు ఇళ్లు వేరయ్యాయి, కనీసం డేటా అయినా కలిసి ఉండొచ్చు కదా!

అందాకా మనం చేయగలిగినవి కొన్ని. 'గమ్యం' వేసుకోండి, ఇంట్లోంచి బయల్దేరే ముందే చూడండి. అందులో ఆడవాళ్ల కోసం 'ఫ్లాగ్ ఎ బస్' ఉంది. రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు స్టాప్ లేని చోట కూడా ఫోన్ స్క్రీన్ వెలుగు చూపించి బస్సు ఆపమని అడగొచ్చు. అమ్మకీ అక్కకీ చూపించండి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద పల్లె వెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్‌లలో వాళ్లకి టికెట్ ఫ్రీ. టికెట్ భారం తగ్గింది, ఇక తగ్గాల్సింది ఎదురుచూపు. మీ రూట్ బస్సు యాప్‌లో కనిపించకపోతే స్క్రీన్‌షాట్ తీసి డిపోకి చెప్పండి. ఒక్కరు చెబితే ఫిర్యాదు, కాలేజీ మొత్తం చెబితే డిమాండ్.

టీ కొట్టు అన్న దగ్గర టీ మాత్రం మానకండి. కాకపోతే ఈసారి "బస్సు పెబ్బేరు దాటింది, ఇంకో టీ పోయి అన్నా" అని చెప్పేది మనమవ్వాలి.