తిన్నింటి వాసాలు

ఆఫీసులో జరిగే తప్పును చూసి నోరు విప్పినవాణ్ణి మనవాళ్లు ముందుగా అనే మాట ఒకటుంది: తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడని. ఈ సంచిక పని మొదలైనప్పటి నుంచీ ఆ మాట నన్ను బాధిస్తూనే ఉంది.

సత్యేంద్ర దూబే గుర్తున్నాడా? ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీరు. జార్ఖండ్‌లోని కోడెర్మా దగ్గర స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలు చూసి, 2002లో నేరుగా ప్రధానమంత్రికే ఉత్తరం రాశాడు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ ఉత్తరం అతని పేరుతోనే కార్యాలయాలు తిరిగింది. 2003 నవంబరు 27 తెల్లవారుజామున గయలో అతణ్ణి కాల్చి చంపారు. దోపిడీ దొంగల పనేనని సీబీఐ తేల్చింది. అదే నిజమనుకున్నా, దాచమన్న పేరును ఎందుకు దాచలేదో ఎవరైనా చెప్పాలి కదా!

ఇలాంటివారి రక్షణకు 2014లో చట్టం చేశారు. ఏళ్లు గడిచినా దాన్ని అమల్లోకి తేలేదు. పైగా అది ప్రభుత్వోద్యోగులపై చేసే ఫిర్యాదులకే. ప్రైవేటు కంపెనీల సంగతి అందులో లేదు.

మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ మోసాన్నే తీసుకోండి. 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు ఒప్పుకోలు లేఖ రావడానికి కొద్ది వారాల ముందే, ఒక ఇండిపెండెంట్ డైరెక్టర్‌కు ఆ మోసం గురించి మారుపేరుతో ఈమెయిల్ అందింది. దూబే కథ తెలిసినవారెవరైనా మారుపేరే పెట్టుకుంటారు.

ఈ సంచికకు అనుభవాలు రాసిన కొందరు తమ పేర్లు వద్దన్నారు. వేయలేదు. వారి ఉత్తరాలొచ్చిన కవర్లు కూడా మా దగ్గర ఉంచుకోలేదు.