సుగ్గికి పోయే బండిలో బడి పిల్లలెందుకు?

పత్తి ఏరడం ఒక కొలిక్కి రాగానే మన కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో ఒకటే మాట వినిపిస్తుంది. 'సుగ్గికి ఎప్పుడు పోతున్నారు?' అని. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు, పల్నాడు మిరప చేలకు ఏటా కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. వాన మీద బతికే రెండు మూడెకరాల రైతుకు ఒక్క కారుతోనే చేను ఖాళీ. అప్పు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. కూలికి పోవడం తప్పు కాదు, నామోషీ అంతకన్నా కాదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ బండిలో సామాన్ల మీద బడి పిల్లల్ని కూడా ఎక్కించడం.

నేనూ ఈ ప్రాంతపు చిన్న టౌనులో చదువుకున్నవాడినే. 1983లో ఒకటో తరగతిలో చేరి, 1993లో పదో తరగతి పాసయ్యాను. మా టౌను ఏమంత పెద్దది కాదు. ఒక బస్టాండు, మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లులు, ఎరువుల అంగళ్లు, వారానికో సంత. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ మా హైస్కూలే దిక్కు. పిల్లలు మూడు నాలుగు మైళ్లు నడిచి, డబ్బాలో జొన్నరొట్టె, ఇంత కారం పెట్టుకుని వచ్చేవాళ్లు.

మా హాజరు పట్టీ చూస్తే ఊళ్లో ఏ పని నడుస్తోందో చెప్పొచ్చు. జూన్‌లో బెంచీలు చాలక నేల మీద కూర్చునేవాళ్లం. పదును పడి విత్తనం మొదలైతే కొందరు తగ్గేవాళ్లు. వేరుశనగ కట్టె పీకేటప్పుడు ఇంకొందరు. పత్తి ఏరేటప్పుడు ఆడపిల్లల వరస సగం ఖాళీ. సుగ్గి మొదలయ్యేసరికి వెనక బెంచీలే కనిపించేవి, మనుషులు కాదు. ఉగాదికి తిరిగొచ్చినవాడు లెక్కల పుస్తకం తెరిస్తే ఏముంది? వాడు పోయేటప్పుడు భిన్నాలు, వచ్చేసరికి శాతాలు, వడ్డీ లెక్కలు. మధ్యలోది ఎవరు చెబుతారు? రెండేళ్లు బెత్తం దెబ్బలు తిన్నాడు, మూడో ఏడు బడి ముఖమే చూడలేదు. ఆరో తరగతిలో నాతో కూర్చున్నవాళ్లలో సగం మంది కూడా పదో తరగతి పరీక్ష రాయలేదు. తెలివి లేక కాదు. కుప్పను చూసి ఎన్ని బస్తాలవుతాయో చెప్పేవాళ్లు వాళ్లలో ఉన్నారు.

ఇప్పుడు వాళ్లే యార్డులో కనపడతారు. తక్‌పట్టీ ఇస్తే మడిచి జేబులో పెట్టుకుంటారు. తూకమెంత, తరుగెంత, హమాలీ ఎంత, బాకీ కింద ఎంత పట్టుకున్నారు, చదివి అడిగేవాడు ఏడీ?

'సేద్యం చేసేవాడికి చదువెందుకయ్యా' అంటారేమో. ఒక లెక్క చూడండి. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది తేమ 8 శాతం లోపు ఉంటేనే. ఆపైన 12 శాతం దాకా, పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. అంటే 81 రూపాయల 10 పైసలు. తేమ 11 శాతం వచ్చిందనుకోండి, కోత 243 రూపాయల 30 పైసలు. చేతికి రావలసింది 7,866 రూపాయల 70 పైసలు. పది క్వింటాళ్లు తెచ్చిన రైతుకు ఒక్క శాతం తేడా వస్తే 811 రూపాయలు పోయినట్టే. ఇది ఏడో తరగతి పిల్లోడు చేయగల లెక్క. పైగా ఆ సీజన్‌లో సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు, స్లాటు కావాలి. పంట ఈ-క్రాప్‌లో ఎక్కాలి. చదవలేనివాడు ప్రతిదానికీ ఎవడో ఒకడి చేతికి ఫోను ఇచ్చి నిలబడాలి. మన తాతలు వేలిముద్రతో నెట్టుకొచ్చారు. మన పిల్లలకు అది చెల్లదు.

మీ కష్టం తెలియక చెప్పడం లేదు. ఊళ్లో వదిలేస్తే అన్నమెవరు పెడతారు? ఎదిగిన ఆడపిల్లను ఎవరి దగ్గర ఉంచాలి? న్యాయమైన భయాలే. అయినా దారులున్నాయి.

ఇంట్లో అవ్వ, తాత ఉంటే వాళ్ల దగ్గర ఉంచండి. 2003 నుంచి బడిలో మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు, ఒక పూట బెంగ తీరుతుంది. పెద్దలు లేని ఇళ్లవాళ్లు వలస పిల్లల సీజనల్ హాస్టల్ కోసం అడగండి. ఒక్కొక్కరుగా కాదు. సుగ్గికి పోయేవాళ్లంతా కూర్చుని పిల్లల జాబితా రాసి హెడ్మాస్టరుకు, మండల విద్యాధికారికి ముందే ఇవ్వండి. అడగందే అమ్మయినా పెట్టదు. తప్పనిసరై వెంట తీసుకుపోతే, అక్కడి బడిలో చేర్చండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఆ హక్కు ఉంది. టీసీ అడిగితే హెడ్మాస్టరు వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని అక్కడివాళ్లు చేర్చుకోకపోవడం కుదరదు.

పరాయి చేలో పిల్లల్ని కూలికి పెట్టడం మాత్రం వద్దు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలు సొంత ఇంటి పనికి సాయపడటానికే ఒప్పుకుంటుంది. అదీ బడి వదిలాక, లేదా సెలవుల్లో.

సర్కారుకూ ఒక మాట. కోనసీమకూ కోసిగికీ ఒకే సెలవుల పట్టిక ఏమి న్యాయం? వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే బాధ్యత, బడి క్యాలెండరు నిర్ణయించే బాధ్యత రెండూ విద్యాహక్కు చట్టం స్థానిక సంస్థల మీదే పెట్టింది. అయిదో తరగతి దాకా 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు బడి నడవాలన్నది నిబంధన. ఆ లెక్క తగ్గకుండానే మెట్ట మండలాల్లో కొన్ని సెలవుల్ని విత్తనాలకు, కోతలకు జరపవచ్చు. హాస్టళ్లు మాత్రం బండ్లు కదలకముందే తెరవాలి. పోయాక తెరిస్తే వాన వెలిశాక గొడుగు పట్టినట్టే.

సోదరులారా! బోరు ఎండితే మరో చోట వేసుకోవచ్చు. ఈ ఏడు పంట పోతే వచ్చే ఏటికి ఆశ ఉంటుంది. పిల్లోడికి ఆరో తరగతి వయసు మళ్లీ రాదు. ఈసారి బండి మాట్లాడుకునే ముందే బడికి పోయి, నాలుగు నెలలు వాడి పేరు ఏ హాజరు పట్టీలో ఉంటుందో తేల్చుకోండి. ఆ తర్వాతే మూటలు కట్టండి.