లప్పం పెట్టేస్తే కనబడదట!

మా ఇంట్లో నేను లెక్కలేనన్నిసార్లు విన్న మాట ఒకటుంది. "లప్పం పెట్టేస్తే కనబడదులే." గుమ్మం చుట్టూ కొట్టిన బీడింగు మూల దగ్గర కలవలేదా, లప్పం. కిటికీ చట్రం పక్కన చీమలబారు నడిచేంత సందుందా, లప్పం. పైన రంగు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు "పని బాగుందండీ" అని భోంచేసి వెళ్ళిపోతారు. అది పెళ్ళలు పెళ్ళలుగా రాలేనాటికి చీపురు పట్టుకుని ఉండేది నేను.

ఈసారి మాత్రం నాకు నిజంగా ఒళ్ళు మండింది. మా మామగారి పటం దగ్గర.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ చోడవరంలో మా ముందుగది కిటికీ రెక్క ఊడిపోయి, గోడమీది పటం కిందపడి ఫ్రేము విరిగింది. ఫొటోకి ఏమీ కాలేదు, అది మా అదృష్టం. మామగారిది పెద్ద ఫొటో అదొక్కటే ఉంది. స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో, నెగెటివ్ ఎప్పుడో పోయింది. తుఫాను తర్వాత రోజులు మీకు గుర్తుండే ఉంటాయి, ఎవరికి దొరికిన మనిషి చేత వాళ్ళం రిపేర్లు చేయించుకున్నాం. మాకూ ఒకాయన హడావిడిగా పటం కట్టి ఇచ్చారు. కింద ఎడమ మూల కలవలేదు. చూపించాను. లప్పం కూరి, మీద గోధుమరంగు రాసి ఇచ్చేశారు. "ఇప్పుడు కనబడట్లేదు కదా" అన్నారు మావారు. నేనూ నోరు మూసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మొన్న తద్దినానికి దండ వెయ్యబోతే ఆ మూల నా చేతిలోకి వచ్చేసింది. లప్పానికి పట్టు ఎక్కడిదండీ? అది రెండు చెక్కల్ని కలిపి ఉంచదు, మధ్యలో ఊరికే కూర్చుంటుంది. మూల వదులై అద్దం జారింది, వెనక అట్ట ఉబ్బింది, చెమ్మ దిగి మామగారి భుజం మీద పచ్చటి మరక పడింది. ఇంకో రెండు వానాకాలాలు ఆగి ఉంటే ముఖందాకా వచ్చేది.

ఈసారి నేనే కడతానన్నాను. మావారు నవ్వారు. అత్తగారు మాత్రం భయపడ్డారు. "ఏటమ్మా, ఆడకూతురివి రంపం అట్టుకుంటావేటి? సెయ్యి తెగిపోద్ది!" పాతికేళ్ళుగా ఈ ఇంట్లో కత్తిపీట మీద కందా గుమ్మడికాయా కోస్తున్నాను. అప్పుడెవరికీ నా చెయ్యి గుర్తు రాలేదు. రంపం అనేసరికి అందరికీ నా వేళ్ళమీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"45 డిగ్రీల కోత అంటే తమాషా కాదు" అని మావారి ఇంకో అభ్యంతరం. జాకెట్టు మెడకి క్రాస్ పట్టీ కత్తిరించే ప్రతి ఆడదానికీ ఆ కోణం తెలుసు. గుడ్డని నిలువుదారం అడ్డదారం మీదకి వచ్చేలా మడిస్తే ఆ మడత 45 డిగ్రీలే కదా! దాన్ని డిగ్రీలంటారని మనకెవరూ చెప్పలేదు, అంతే. డిగ్రీలని పేరు పెట్టగానే అది మగవాళ్ళ లెక్క అయిపోయింది.

మొదటి ఫ్రేము నాకు కుదరలేదు. దాచుకోను. మూడు మూలలు ముచ్చటగా కలిశాయి, నాలుగోది నోరు తెరుచుకుంది. ఆ మూలని ఒక్కదాన్నీ తిట్టుకుంటూ ఒక పూటంతా అరగదీశాను. తప్పు అక్కడ లేదని మా అమ్మాయి లెక్కేసి చెప్పింది. నాలుగు మూలలకి ఎనిమిది కోతలు. ఒక్కో కోతలో ఒక్క డిగ్రీ అదే వైపుకి తప్పితే, ఆ ఎనిమిది డిగ్రీలూ వెళ్ళి చివరి మూలలో కూర్చుంటాయి. అంగుళం వెడల్పు బీడింగులో అది ఇంచుమించు ఐదు మిల్లీమీటర్ల సందు. కొలతలు తప్పినా ఇదే గొడవ. ఎదురెదురు చెక్కలు రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. టేపుతో విడివిడిగా కొలిస్తే ఉండవు. రెండూ జోడించి పట్టుకుని, కొసల మీద వేలు రాసి చూసుకోవాలి.

పొడవు కూడా బయటి అంచున కొలవకూడదు, అద్దం కూర్చునే గాడి దగ్గర కొలవాలి. అద్దం 15 అంగుళాలుంటే గాడి ఇంకో రెండు మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. గీత పెన్సిలుతో కాకుండా చాకు మొనతో గీసుకుంటే రంపం జారదు. రంపానికి కూడా మందం ఉంటుంది కాబట్టి గీత మీద కాకుండా, పారేసే ముక్క వైపు కొయ్యాలి. సన్నపళ్ళ రంపం, ఒక మైటర్ బాక్సు చాలు. మిగిలిన కాస్తా చదునైన చెక్కమీద అతికించిన ఉప్పుకాగితంతో, కోణం చెడకుండా. జిగురు దగ్గరా తొందరపడ్డాను మొదట. కోసిన కొస స్పాంజిలా తాగేస్తుంది. ఒక పల్చటి పూత రాసి, అది ఇంకాక మళ్ళీ రాసి అతికించాలి. తర్వాత మూల నుంచి మూలకి అడ్డంగా రెండు వైపులా కొలిచి, రెండూ సమానం వచ్చాకే దారంతో బిగించి వదిలెయ్యాలి.

ఇంత చెప్పినా "మన వానలకి ఏ మూలైనా విచ్చుకుంటుందిలే" అనేవాళ్ళున్నారు. విచ్చుకుంటుంది, నిజమే. కానీ ఎక్కడ విచ్చుకుందో చూడండి. చెక్క వెడల్పులోనే ఎక్కువ ఉబ్బుతుంది, పొడవులో దాదాపు కదలదు. వానాకాలంలో ఉబ్బితే బయటి కొసలో సందు వస్తుంది, ఎండిపోతే లోపలి మూలలో వస్తుంది. మొదటిరోజే మూలంతా సమానంగా సందుంటే అది వాన తప్పు కాదు, కోత తప్పు. ఆరని చెక్క కొనడం ఇంకో తప్పు, అది మనదే.

వడ్రంగి మేస్త్రుల్ని అంటున్నానని అనుకోకండి. అది ఏళ్ళతరబడి చేతికి పట్టుబడే విద్య, నేను కట్టింది ఒక పటం. పదిరోజుల పనికి ఆరు రోజుల కూలీ మాట్లాడి, "తొందరగా కానివ్వండి, ముహూర్తం ఉంది" అని నెత్తిన కూర్చునేది మనం. చేతిలో టైము లేని మనిషి లప్పం డబ్బా తియ్యక ఏం చేస్తాడు? నాకు కోపం ఆ డబ్బాని మన ఇళ్ళలో అందరూ ఒప్పేసుకోవడం మీద. మూల కలవలేదని చెప్పిన ఆడదాన్ని "నీకు అన్నీ చాదస్తాలే" అనడం మీద. అన్న మరుక్షణం నేను కూడా అది చాదస్తమేనేమో అనుకున్నాను చూడండి, దానిమీద ఇంకా ఎక్కువ.

రెండో ఫ్రేము కుదిరింది. మామగారి భుజం మీద మరక అలాగే ఉంది, దానికి నా దగ్గర మందు లేదు. పటం గోడకెక్కాక అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని నాలుగు మూలలూ వేలితో తడిమి చూశారు. ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం ట్రంకుపెట్టెలోంచి సింహాచలం అప్పన్న పటం తీసి, నా కుర్చీలో పెట్టి వెళ్ళారు.

రంపం ఇప్పుడు వంటింట్లో కత్తిపీట పక్కన ఉంటోంది. అది అక్కడుండేది కాదని మావారు రెండుసార్లు చెప్పారు. వచ్చేవారం గుమ్మం బీడింగు పట్టుకుంటాను. ఆ మూలలో కాగితం పెట్టి, అంచుల వెంట కత్తిరించి, సరిగ్గా సగానికి మడిచి చూశాను. 46 వచ్చింది. అంటే ఆ మూల తొంభై కాదు, తొంభై రెండు. ఇన్నేళ్ళూ అందరూ దానికి 45 కోసిన చెక్కలే పెట్టి, లప్పం రాస్తూ వచ్చారు.