పేరు దాచి మార్కులు వేసి చూడండి

రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడల్లా మన మధ్యతరగతి ఇళ్లలో వినిపించే వాదన ఒకటే: "జవాబు పత్రానికి కులం తెలియదు, ఎవరి ప్రతిభ వారిది." నేనూ ఎన్నో ఏళ్లు ఆ మాటే అన్నాను. బీకాం చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో చేరినవాణ్ణి, అంకె అబద్ధమాడదని గట్టి నమ్మకం. అంకె అబద్ధమాడదు సరే, అంకె వేసే చెయ్యి మాటేమిటి?

హేతువాదులం కదా, రుజువు చూద్దాం. రెమా హన్నా, లీ లిండెన్ అనే విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఒక ప్రయోగం చేసి 2012లో ప్రచురించారు. పిల్లలకు నగదు బహుమతితో పరీక్ష పెట్టి, పత్రాలు దిద్దడానికి టీచర్లను పిలిచారు. ప్రతి పత్రం మీదా వయసు, ఆడో మగో, కులం రాశారు. అవి రాసిన పిల్లల వివరాలు కావు, లాటరీ తీసినట్టు తగిలించినవి. అంటే లోపలి జవాబులకూ పైనున్న కులానికీ ఏ సంబంధమూ లేదు. అయినా 'కింది' కులం అని రాసి ఉన్న పత్రాలకు సగటున మార్కులు తగ్గాయి.

నాకు అనుకూలమైనంత వరకే చెప్పి ఊరుకుంటే అది హేతువాదం కాదు. ఆ తగ్గుదల చిన్నదే. పిల్లల మధ్య అసలే ఉన్న అంతరం దానికన్నా ఎక్కువ. పైగా తక్కువ వేసింది ప్రధానంగా ఆ కులాల టీచర్లే, అగ్రకులాల టీచర్లలో వివక్ష కనబడలేదు.

"చూశారా, మా తప్పేం లేదు" అని సంబరపడేవారు ఒక్క క్షణం ఆగాలి. వివక్షకు ద్వేషం అక్కర్లేదని దీని అర్థం. 'వీళ్లకు ఇంతే వస్తుంది' అనే అంచనా చాలు. ఆ అంచనా బాధితుల బుర్రల్లోకీ ఎక్కిందంటే రోగం ఎంత పాతదో ఆలోచించండి.

నా సంగతీ చెప్పుకోవాలి. నా సెక్షన్‌లో ఇద్దరు ఆడిటర్లు ఉండేవారు. ఒకతను కోటాలో వచ్చాడని అతని బిల్లులు రెండేసిసార్లు చూసేవాణ్ణి. రెండో అతను మావాడు, చూడకుండానే సంతకం పెట్టేవాణ్ణి. మొదటివాడి తప్పులే ఎక్కువ దొరికేవి, వెతికింది అక్కడే కనుక! చివరకు ఇన్‌స్పెక్షన్‌లో అధిక చెల్లింపు బయటపడింది మావాడి బిల్లులో. కింద సంతకం నాది. నేను ఎవరినీ ద్వేషించలేదు, అంచనా వేశానంతే.

బోర్డు పరీక్షల పత్రాలకు కోడు వేసి పేరు దాస్తున్నాం. మంచిదే. మరి ఇంటర్నల్ మార్కులు, ప్రాక్టికల్స్, వైవా, పీహెచ్‌డీ ఇంటర్వ్యూల సంగతి? అక్కడ పేరూ తెలుసు, ఊరూ తెలుసు. రాతలో దాచగలిగినచోట దాచండి. ముఖం దాచలేని ఇంటర్వ్యూలకు వేరే పద్ధతి ఉంది. రాత మార్కులు, ఇంటర్వ్యూ మార్కులు వర్గాలవారీగా పక్కపక్కన వేసి ఏటా ప్రకటించండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు, ఒక గుమాస్తా, ఒక కంప్యూటర్ చాలు.

తేడా లేదని తేలితే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. కాని లెక్క సరిగ్గా ఉందనేవారు పుస్తకాలు తెరవడానికి ఎందుకు వెనకాడాలి?