చీట్లు తీసిన చేతికి పూచీ లేదా?

హర్యానా ప్రభుత్వము 2013 ఆగస్టులో ప్రకటించిన సరసమైన వెలల గృహముల విధానము ననుసరించి గురుగ్రామములో ఇల్లు కొనదలచినవాడు, దరఖాస్తుతోపాటు వెలలో నూటికి ఐదు వంతులు చెల్లించి, తన కుటుంబమునకు గల ఆస్తుల వివరములను ప్రమాణపూర్వకముగ తెలిపి, చీట్లు తీయు దినము కొరకు కనిపెట్టుకొని యుండవలెను. ఆ చీట్లను బిల్డరు తన కార్యాలయములో కూర్చుండి తీయుటకు వీలులేదు. జిల్లా డిప్యూటీ కమిషనరో ఆయన పంపిన ప్రతినిధియో, పట్టణ ప్రణాళికా శాఖాధికారులును కూడిన సంఘము సమక్షమున తీయవలెను. చదరపు అడుగు వెలను నిర్ణయించునది ప్రభుత్వము. ఇల్లు 28 చదరపు మీటర్లకు తగ్గరాదు, 60 మీటర్లకు మించరాదని కొలత గీచినది ప్రభుత్వము. వాయిదాల తేదీలను ఏర్పరచినదియు ప్రభుత్వమే. ఇన్నింటిని నిర్ణయించిన ప్రభుత్వము, తీరా ఇల్లు లేవనినాడు మాత్రము, అది కొనుగోలుదారునకును బిల్డరునకును నడుమ కుదిరిన ఒప్పందమని చేతులు దులుపుకొనుచున్నది. ఈ నిర్లిప్తత ఇక చెల్లదనియు, చీట్లు తీసిన చేయియే ఇంటికి పూచీ పడవలెననియు మా నిశ్చితాభిప్రాయము.

ఢిల్లీ తెలుగువారికి సొంత ఇంటి చింత క్రొత్తది కాదు. సచివాలయపు కొలువులతో రాజధాని చేరి, లోదీ కాలనీలోను రామకృష్ణపురములోను సర్కారు క్వార్టర్లలో ఉద్యోగజీవితమంతయు గడపిన వెనుకటి తరమువారు, పదవీవిరమణతో క్వార్టరు విడువవలసియుండునని ముందే ఎరిగి, నలుగురు కూడి సహకార సంఘములు పెట్టుకొని, పట్పర్‌గంజ్, మయూర్ విహార్, ద్వారక ప్రాంతములలో ఫ్లాట్లు కట్టుకొనిరి. ఆలస్యములును తగవులును వారికి మాత్రము తప్పినవా? ఐనను సంఘ కార్యదర్శి యెవరో, లెక్కల పుస్తకము ఎవరి యింట నున్నదో వారికి తెలియును. ఆదివారమునాడు పోయి తలుపు తట్టుటకు ఒక తలుపైనను ఉండెను. ఇల్లు కట్టి చూడుమన్న సామెత పుట్టిననాడు కట్టించువాడును కాపురముండువాడును ఒక్కడే. నేడు కట్టువాడు వేరు, కట్టించు అధికారము వేరు, అప్పిచ్చు బ్యాంకు వేరు. ముగ్గురి తప్పులకును సొమ్ము చెల్లించువాడు మాత్రము ఒక్కడు.

లెక్క వేసి చూతము. అరువది చదరపు మీటర్లనగా సుమారు 645 చదరపు అడుగులు. 2013లో గురుగ్రామమునకు నిర్ణయించిన ధర అడుగునకు 4,000 రూపాయలు. అది 2021లో 4,200కును, 2023లో 5,000కును పెరిగినది. మొదటి ధరనే తీసికొని, బాల్కనీకి వేయు సొమ్మును విడిచిపెట్టినను, ఇంటి వెల 25,80,000 రూపాయలు. అందులో దరఖాస్తుతో చెల్లింపవలసినది 1,29,000. చీటీ తగిలి కేటాయింపు జరిగినపుడు 5,16,000. తక్కిన 19,35,000 రూపాయలను ఆరునెలలకు 3,22,500 చొప్పున ఆరు వాయిదాలలో మూడేండ్లకు కట్టి ముగింపవలెను. ఇల్లు పూర్తిచేయుటకు బిల్డరునకు గల గడువో, ప్లాను ఆమోదము, పర్యావరణ అనుమతి, ఈ రెండింటిలో ఏది వెనుక వచ్చిన దానినుండి నాలుగేండ్లు. కొనువాని వాయిదా పునాదితో గాని, శ్లాబుతో గాని, గోడతో గాని ముడిపడినది కాదు, కేలండరుతో ముడిపడినది. నేలపై ఇటుక లేచినను లేవకున్నను తేదీ వచ్చును, తేదీతోపాటు డిమాండు లెటరును వచ్చును.

వాయిదా తప్పినవాని గతియేమో ఆ విధానములోనే వ్రాసియున్నది. మొదట పదునైదు దినముల గడువుతో నోటీసు. అప్పటికిని చెల్లింపనిచో, రాష్ట్రములో పదివేల ప్రతులకు మించి చెల్లు హిందీ దినపత్రిక యొకదానిలో బకాయిదారుల పట్టికయందు వాని పేరు ప్రకటించుట. మరి పదునైదు దినములకును కట్టకున్న కేటాయింపు రద్దుచేసి, 25,000 రూపాయలు మినహాయించుకొని తక్కినది తిరిగి యిచ్చుట. నెలజీతగాడు ఒక వాయిదా తప్పిన నాడు వాని పేరు పత్రికకెక్కవలెనని నిబంధన వ్రాసిన కలము, నాలుగేండ్ల గడువు తప్పిన బిల్డరు పేరు అదే పత్రికలో అదే అక్షరములతో ప్రకటింపవలెనని వ్రాయుటకు ఏల వెనుదీసెనో మాకు బోధపడకున్నది. నిర్మాణపు దశనుబట్టియే గృహఋణమును విడుదల చేయవలెనని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు ఆదేశించినది. అనగా, కట్టడము సాగనిచో బ్యాంకు సొమ్మీయదు. సొమ్ము రాలేదని బిల్డరు విడువడు. ఈ రెండింటి నడుమ చిక్కినవాడు అద్దె ఇంటిలో కూర్చుండి, చేబదుళ్లకై బంధువుల మొగములు చూడవలసివచ్చును.

గురుగ్రామము 68వ సెక్టారులో ఇట్టి పథకమొకటి ఏమైనదో చూచినచో మా వాదము నిరాధారము కాదని తెలియగలదు. బిల్డరు సమర్పించిన బ్యాంకు హామీపత్రములు నకిలీవని గ్రహించి, 2022 మే నెలలో పట్టణ ప్రణాళికా శాఖ ఆ పథకపు లైసెన్సును రద్దుచేసినది. రద్దు చేయుట న్యాయమే. కాని అప్పటికే చీట్లు తగిలి, వాయిదాలు కట్టుచున్న కుటుంబములకు ఆ రద్దువలన కలిగిన మేలేమి? లైసెన్సు రద్దయినది గాని అప్పు రద్దు కాలేదు. హామీపత్రము సర్కారు చేతికి వచ్చిననాడే బ్యాంకునకు ఒక ఉత్తరము వ్రాసి సరిచూచుకొనియుండినచో, ఆ కుటుంబములు దరఖాస్తు చేయుటయే తటస్థింపకుండెడిది. తన భద్రతకై తాను తీసికొన్న కాగితమునే పరీక్షింపనేరని శాఖ, కొనువాడు అన్నియు విచారించుకొని కొనవలసినదని హితము చెప్పుట ఎంత విడ్డూరము! కరోల్ బాగ్ దుకాణములో పద్దులు వ్రాయు గుమాస్తాయా, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయు నర్సమ్మయా, ఈ పరిశోధన చేయవలసినవారు?

యమునకు ఆవలి ఒడ్డున, నోయిడాలో, కథ ఇంకను పెద్దది. ఆమ్రపాలి సంస్థ వ్యవహారములో సుమారు 42,000 మంది కొనుగోలుదారుల సొమ్ము చిక్కుకొనగా, సర్వోన్నత న్యాయస్థానము 2019 జూలై 23న స్థిరాస్తి నియంత్రణ చట్టమగు రెరా క్రింద ఆ సంస్థకు గల రిజిస్ట్రేషనును రద్దుచేసి, మిగిలిన కట్టడమును పూర్తిచేయు బాధ్యతను ప్రభుత్వరంగ సంస్థయగు ఎన్‌బీసీసీకి అప్పగించెను. బకాయిలు రాబట్టుకొనక ఉదాసీనముగ నుండిన నోయిడా, గ్రేటర్ నోయిడా అథారిటీలు ఆ భారమును కొనుగోలుదారులపై మోపరాదని కూడ తీర్పునందు స్పష్టపరచెను. తీర్పు ఘనమైనదే. ఐనను ఒక్క విషయము మరువరాదు: నేలనిచ్చినది అథారిటీ, అప్పిచ్చినది బ్యాంకు, తనిఖీ చేయవలసినది ప్రభుత్వము, వీరందరు నిదురించుచుండగా మేలుకొని న్యాయస్థానము మెట్లెక్కినవారు ఇల్లులేని వారే. ఇల్లు చేతికి వచ్చువరకు వడ్డీ బిల్డరే కట్టునని మభ్యపెట్టి, ఋణమును ముందుగనే బిల్డరు ఖాతాకు చేర్చిన సబ్వెన్షను పథకములపై బిల్డరులకును బ్యాంకులకును గల సంబంధమును విచారింపుడని అదే న్యాయస్థానము 2025 ఏప్రిలులో సీబీఐని ఆదేశింపవలసివచ్చెను.

ప్రైవేటు బిల్డరును తొలగించి ప్రభుత్వమే కట్టినచో చిక్కు తీరునందురా? ఢిల్లీ అభివృద్ధి సంస్థ, మన నోట నలిగిన డీడీఏ, 1957 నుండి ఈ పనియందే యున్నది. 1979లో అది ప్రకటించిన గృహ నమోదు పథకమునందు పేరు వ్రాయించుకొన్నవారు లక్షా డెబ్బదివేలకు పైబడిరి; 1981 నాటి రోహిణి స్థలముల పథకములో సొమ్ము కట్టినవారిలో కొందరు ముప్పదియేండ్లకు పిమ్మటను స్థలము చూడలేదు. అది ఆలస్యపు పాపము. నరేలాలో జరిగినది వేరొక జాతి పాపము. 2014 పథకమున రమారమి 25,000 ఫ్లాట్లకు పదిలక్షలకు మించిన దరఖాస్తులు రాగా, ఢిల్లీ యెల్ల ఇంటికై అలమటించుచున్నదని పత్రికలు వ్రాసినవి. చీటీ తగిలిన భాగ్యవంతులు నరేలాకును రోహిణి శివారులకును పోయి తమ ఒంటిగది ఇండ్లను చూచి, బస్సెక్కడ, నీరెక్కడ, పిల్లల బడి యెక్కడ, రాత్రివేళ వీథిదీపమెక్కడయని విచారించి, పదివేల పైచిలుకు ఫ్లాట్లను డీడీఏకే మరలించిరి. అవే ఫ్లాట్లను ముఖ్యముగ చేర్చి 2017లో సుమారు 12,000 ఇండ్లతో మరొక పథకము వేయగా, దరఖాస్తులు ఏబదివేలకు లోబడియే ఆగిపోయెను. 2023 నాటికి చీట్లును పోయి, ముందు వచ్చినవారికి ముందు ఇత్తుమని పిలువవలసిన దశ వచ్చెను. ఇల్లులేనివారు లక్షలుగ నున్న నగరములో మనుష్యులు లేని ఇండ్లు వేలుగ నిలిచియుండుటకు కారణము జనుల గొంతెమ్మ కోర్కెలని కొందరు అధికారులు భావింతురు కాబోలు. పని కరోల్ బాగ్‌లో, ఇల్లు హర్యానా సరిహద్దులో, నడుమ మెట్రో లేదు. ఉన్న ఒక్క బస్సుకై ఉదయము చీకటితో నిలువవలసిన చోట ఇల్లు చవకయైనను జీవితము చవక కాదు. రిఠాలా నుండి నరేలా మీదుగ కుండ్లీ చేరు 26 కిలోమీటర్ల మెట్రోమార్గమునకు కేంద్ర మంత్రివర్గము ఆమోదమిచ్చినది 2024 డిసెంబరులో, అనగా 2014 పథకము వెలువడిన పదియేండ్లకు. రైలు ముందు వచ్చి ఇల్లు వెనుక రావలసినది.

మన యింటి సంగతియు ముచ్చటించుట న్యాయము. ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ సంస్థయగు టిడ్కో కట్టించు ఇండ్ల లబ్ధిదారులలో అనేకులకు తాళపుచెవి కంటె ముందు బ్యాంకు నోటీసు చేరినది. కావున ఉత్తరాదివారి అవకతవకలని మనము చంకలు గుద్దుకొన పనిలేదు.

వాయిదాలను కట్టడపు దశలతో ముడిపెట్టినచో, ముందుగ సొమ్ము రానందున అడుగుకు ఇంతయని ప్రభుత్వము బిగించిన ధరలో కట్టుట సాధ్యము కాదని బిల్డరు వర్గములవారు వాదింతురు. ఇది పూర్తిగ కొట్టివేయదగిన మాట కాదు. సిమెంటును కూలియు నగదునే అడుగును. కాని ఆ నగదు ఇల్లులేనివాడే ఏల పెట్టవలెను? ఆగిన కట్టడములను పూర్తిచేయుటకని కేంద్రము 2019 నవంబరులో 25,000 కోట్ల రూపాయల లక్ష్యముతో స్వామిహ్ నిధిని ఏర్పరచినది. కూలిన పిమ్మట దొరకిన ఈ సొమ్ము, కట్టుటకు ముందు చిన్న వడ్డీకి దొరకియున్నచో దానిలో కొంతభాగముతోనే పని జరిగియుండెడిది. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస యోజన రెండవ విడతలో, ఏటికి తొమ్మిది లక్షలకు మించని ఆదాయము గల కుటుంబమునకు వడ్డీ రాయితీ గరిష్ఠముగ 1,80,000 రూపాయలు, అదియు ఐదేండ్ల వాయిదాలలో లభించును. నెలకు 12,000 అద్దె కట్టుచున్నవానికి ఇల్లు పదునైదు నెలలు ఆలస్యమైనచో ఆ రాయితీ యావత్తును అద్దెకే చెల్లు. ఐదేండ్లలో ఇచ్చినది పదునైదు నెలలలో పోవుట కళ్లెదుట కనబడుచుండగా, రాయితీ ప్రకటనల ఫలకములను చూచి సంతసించువారెవరు?

2016 నాటి రెరా చట్టము వసూలైన సొమ్ములో నూటికి డెబ్బది వంతులు ప్రత్యేక ఖాతాలో ఉంచవలెననియు, ఇంజనీరు, ఆర్కిటెక్టు, ఆడిటరు ధ్రువపరచిన మేరకే దానిని వాడవలెననియు శాసించినది. గడువు తప్పినచో వడ్డీతో సొమ్ము వాపసు కోరు హక్కునిచ్చినది. ఈ చట్టము లేనినాటి అరాచకమును ఎరిగినవారెవరును దీనిని తక్కువచేసి మాటలాడరు. కాని ఉత్తరువు చేతికందుట వేరు, సొమ్ము చేతికందుట వేరు. బిల్డరు ఖాతా ఖాళీయైన పిమ్మట ఉత్తరువును చట్రము కట్టించి గోడకు వ్రేలాడదీయుటకైనను సొంత గోడ లేదు.

కావున తరువాతి పథకమునకు చీట్లు పిలుచుటకు పూర్వమే హర్యానా మంత్రివర్గము వాయిదాలను కేలండరు నుండి విడదీసి, పునాదికింత, అంతస్తుకింత, పొజెషనుకింతయని, ప్రభుత్వ ఇంజనీరు సంతకముపై ఆధారపరచవలెను. బిల్డరు ఇచ్చిన ప్రతి హామీపత్రమును బ్యాంకుతో సరిచూచిన ధ్రువపత్రము దరఖాస్తు ప్రకటనయందే అచ్చు కావలెను. గడువు మీరిన నాటినుండి కొనుగోలుదారుని అద్దెను ప్రభుత్వము భరించి, బిల్డరువద్ద భూమిశిస్తు బకాయి వలె వసూలు చేసికొనవలెను. వసూలు చేయుట చేతగానిచో ఆ నష్టము ప్రభుత్వమునదే కాని ఇల్లులేనివానిది కాదు. డీడీఏ విషయమున, బస్సు, త్రాగునీరు, బడి ఏర్పడినవని నగరపాలక సంస్థయు రవాణా శాఖయు వ్రాసి యీయనిదే ఏ ఫ్లాటును అమ్మకమునకు పెట్టరాదు. ఇక లైసెన్సులు ఇప్పటికే రద్దయిన పథకములలో చిక్కుకొన్నవారికి ఈ సంస్కరణలేవియు అక్కరకు రావు గనుక, వారి విషయమున రద్దు ఉత్తరువు వెలువడిన తేదీ నుండి, వేరొక సంస్థ కట్టడమును చేపట్టి ఇల్లు అప్పగించు వరకు, బ్యాంకు వడ్డీని ప్రభుత్వము తన ఖాతాలో వ్రాసికొనవలెను.