విమానము ప్రదర్శనశాలకు, విచారణ బీరువాకు

ఇంగ్లండునందు నాటింగ్‌హాంషైర్ ప్రాంతమున, న్యూఆర్క్ పట్టణమునకు చేరువనున్న వైమానిక ప్రదర్శనశాలలో జెడ్ఏ 176 అను సంఖ్యగల సీ హారియర్ యుద్ధవిమానమొకటి విశ్రాంతి గైకొనుచున్నది. ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనిషివలె నిమ్మళముగా నిలిచియున్న ఆ యంత్రము ఒకప్పుడు స్పెయిను దేశపు సరకు ఓడమీద, తడిసిన ఇనుప కంటెయినర్లపైనుండి వెనుకకు జారి, క్రిందనున్న వ్యాను టాపుమీద తోకభాగమాన్చి, ముక్కు మింటికెత్తి, నాలుగు దినములు సముద్రయానము చేసినదని చెప్పినచో వినువారు నవ్వక మానరు. నవ్వవలసిన కథయే. కాని దాని వెనుకనున్న విచారణపత్రముల కథ నవ్వదగినది కాదు. నేటి మా ప్రస్తావన ఆ పత్రములను గూర్చియే.

1983 జూన్ 6వ తేదీన బ్రిటిష్ నౌకాదళపు విమానవాహక నౌక ఇలస్ట్రియస్ పోర్చుగల్ తీరమునకావల నేటో కూటమి విన్యాసములలో పాల్గొనుచుండెను. ఇరువదియైదేండ్ల సబ్ లెఫ్టినెంట్ ఇయాన్ వాట్సన్, జంటగా బయలుదేరిన రెండు విమానములలో నొకదానిని నడుపుచు, ఫ్రెంచి విమానవాహక నౌకను వెదకబోయెను. నిజమైన యుద్ధముననువలెనే రేడియో మాట్లాడరాదు, రాడార్ వాడరాదు అని కట్టడి. వెదకుట ముగించి, కలిసికొనవలసిన చోటికి వచ్చునప్పటికి నాయకవిమానము జాడలేదు, రాడార్ తెరచినను కానరాలేదు, రేడియో పలుకలేదు, తానెక్కడనున్నదియు తెలుపవలసిన సాధనము పనిచేయలేదు, తన నౌక యుండవలసిన తావున నీరు దప్ప వేరేమియు లేదు. ఇంధనము తరిగిపోవుచుండెను. ఓడలు నడచు దారి తూర్పుననున్నదని యెరిగి అటు మరలి, యెట్టకేలకు అల్రాయ్‌గో అను సరకు ఓడను కనుగొనెను. ఆ ఓడవారు చూచుచుండగా విమానమును సముద్రమునకు వదలి, తాను ప్యారాషూటుతో బయటపడవలెననియే మొదట తలచెను. వారి దృష్టి నాకర్షించుటకై ఓడ ప్రక్కగా ఒకమారు పోవునప్పుడు, చదునుగా పేర్చిన కంటెయినర్ల పైభాగము, శిక్షణలో తాను దిగుచు వచ్చిన తిన్నె యంతయున్నట్లు అతని కంటబడెను.

సీ హారియరునకు నేలకు దిగుటకు పరుగుబాట అక్కరలేదు. దాని పెగాసస్ ఇంజను నాలుగు నాళములగుండా గాలిని వదలును. ఆ నాళములను క్రిందికి త్రిప్పినచో విమానము గాలిలో నిలిచి, చేదతాడున దింపిన బొక్కెనవలె నిట్టనిలువుగా దిగగలదు. ఆ విద్యయే యువకుని కాచెను. దిగుట దిగెను గాని, తడిరేకుమీద చక్రములు నిలువక విమానము వెనుకకు జారసాగెను. చక్రములను లోనికి ముడిచి పొట్టమీద నిలుపజూచెను. అప్పటికే వేళ మించిపోయినది. ఎవరికో చేరవలసిన వ్యానొకటి క్రింద నుండి దాని నాపెను. తన బండిని నౌకాదళపు యుద్ధవిమానము తొక్కినదను కబురు విన్న కొనుగోలుదారుని ముఖము చూడదగియుండును!

ఓడ తన దారిన తాను పోయి, కెనరీ దీవులలోని సాంటా క్రూజ్ రేవు చేరునప్పటికి లోకమంతయు ఆ వింతవైపు చూచుచుండెను. కడలిలో ఆపదనున్న సొత్తును కాపాడినవారికి పారితోషికము చెల్లవలెనన్నది నావికలోకమున చిరకాలముగా నున్న ధర్మము. తదనుసారముగా ఓడ యజమానులకును సిబ్బందికిని 5,70,000 పౌండ్లు ముట్టెను. విమానమును బాగుచేసిరి, తరువాత దానికి ఎఫ్ఏ2 అను క్రొత్త రూపమునిచ్చిరి, 2003 వరకు కొలువు చేయించుకొని, పిమ్మట ప్రదర్శనశాలకు సాగనంపిరి. యంత్రమునకు జరిగిన న్యాయమునకు వంక పెట్టలేము.

మనిషి సంగతి వేరు. విచారణసంఘము అనుభవలేమి కారణమని వాట్సనును తప్పుపట్టెను. కాని ఆ నివేదికలోనే మరి రెండు మాటలున్నవి: అతడు శిక్షణలో నాలుగింట మూడు పాళ్లు మాత్రమే ముగించియుండగా సముద్రముమీదికి పంపబడెననియు, ఆ పనికి పూర్తిగా సిద్ధము చేయని విమానమును, అనగా రేడియో చిక్కులున్న దానిని, అతనికి అప్పగించిన పైయధికారులు విమర్శింపదగిన వారనియు. ఇంత వ్రాసియు మందలింపు కుర్రవానికే, కుర్చీపని శిక్షయు కుర్రవానికే! ఆ పత్రములు రహస్యముద్రతో బీరువా చేరి, 2007లో బ్రిటిష్ జాతీయ అభిలేఖాలయము విడుదల చేయువరకు, ఇరువదినాలుగేండ్లపాటు వెలుగు చూడలేదు. అంతకాలము లోకమునకు తెలిసినది, ఓడమీద విమానము దింపిన వింత కుర్రవాని కథ మాత్రమే. అతనిని అట్లు గాలిలోనికి పంపిన ఏర్పాటు కథ కాదు. అతడు మరల విమానమెక్కి, సీ హారియర్లమీద 2,000 గంటలును, ఎఫ్/ఏ-18లమీద మరి 900 గంటలును నడపి, 1996లో కొలువు విడిచెను. నడపుట చేతకానివాడు నడపగలిగిన గంటలా అవి?

అట్లాంటిక్ మహాసముద్రమున ఎన్నడో జరిగిన ముచ్చటతో మనకేమి పని యని పాఠకులు అడుగవచ్చును. ఆ 1983వ సంవత్సరము డిసెంబరులోనే సీ హారియర్ జాతి విమానములు మన నౌకాదళమున చేరుటకై గోవాలో దిగినవి. 2016 వరకు విక్రాంత్, విరాట్ నౌకలపైనుండి సేవ చేసినవి. పలు విమానములు ప్రమాదములలో పోయినవి. వానితో పైలట్ల ప్రాణములును పోయినవి. మిగిలినవానిలో నొకటి నేడు విశాఖపట్నమున, కురుసుర జలాంతర్గామికిని టీయూ-142 విమానమునకును తోడుగా, సందర్శకుల నలరించుచున్నది. కాని ఆ పోయిన విమానములు ఏల పోయినవో తెలుపు విచారణపత్రములేవియు ప్రదర్శనకు రాలేదు.

వాయుసేన సంగతియు ఇట్టిదే. రక్షణశాఖ పార్లమెంటరీ స్థాయీసంఘము 2024 డిసెంబరులో సమర్పించిన నివేదికలో 2017 మొదలు 2022 వరకు వాయుసేనకు సంభవించిన 34 ప్రమాదముల పట్టిక కలదు. తేదీ, విమానపు రకము, కారణము అను గడులతో, కిరాణాకొట్టు చిట్టావలె ముచ్చటగానున్నది. 2021 డిసెంబరు 8వ తేదీన కూనూరు కొండలలో అప్పటి త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో కలిపి 14 మందిని బలిగొన్న ఎంఐ-17 హెలికాప్టరు వరుసలో కారణపు గడి చూచినచో ‘మానవ దోషము, విమాన సిబ్బంది’ అను అర్థమిచ్చు పొడియక్షరములు కనబడును. ఆ పదునలుగురిలో అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలమునకు చెందిన లాన్స్ నాయక్ ఒకడుండెను. లోయలో హఠాత్తుగా వాతావరణము మారి మేఘములు క్రమ్మగా పైలట్ దిక్కు తప్పెననియు, యంత్రలోపము గాని విద్రోహము గాని నిర్లక్ష్యము గాని లేదనియు 2022 జనవరిలో వాయుసేన క్లుప్తముగా ప్రకటించిన మాట నిజమే. అయినను, ఆ లోయ వాతావరణము సిబ్బందికి ఎంత ముందుగా తెలుపబడెను, ఆ మార్గమున ఎగురుటకు ఏ నియమములుండెను, ఆ దినము తరువాత వానిలో ఏవి మారెను అను ప్రశ్నలకు ఆ గడిలో చోటులేదు. చనిపోయిన పైలట్ సాక్ష్యము చెప్పలేడు గనుక దోషమంతయు అతని నెత్తిన పడవేయుట తేలిక. వాట్సన్ బ్రదికియుండియు ఇరువదినాలుగేండ్లు వేచియుండవలసివచ్చినది గదా!

విచారణనివేదికలు బయటపెట్టినచో శత్రువునకు రహస్యములు చిక్కునని కొందరు వాదింతురు. రేడియో చెడిపోయెననుటలో శత్రువునకు చిక్కు రహస్యమేమున్నదో మాకు బోధపడదు. నిజముగా దాచవలసిన వాక్యములున్నచో ఆ వాక్యములకే నల్లసిరా పూయవచ్చును. ఇంతకన్న బరువైన ఆక్షేపణ వేరొకటి కలదు: చెప్పినదంతయు పత్రికల కెక్కునని తెలిసినచో పైలట్లును మెకానిక్కులును నోరు విప్పరనునది. దీనిని తేలికగా త్రోసివేయరాదు. అమెరికా వాయుసేన దీనికి కనుగొన్న ఉపాయము సరళమైనది. భద్రతకై ఒక విచారణ, అందు చెప్పినమాట అక్కడనే యుండును; ప్రజలకై మరియొక విచారణ, దాని నివేదిక ప్రకటింపబడును. బ్రిటన్ సైతము పాత అలవాటు మార్చుకొన్నది. 2021 నవంబరులో క్వీన్ ఎలిజబెత్ నౌకపైనుండి ఎగురబోయిన ఎఫ్-35బి విమానము మధ్యధరాసముద్రమున పడిపోగా, ఇంజనునకు గాలి పోవు మార్గమునందు మూతను తీయక మరచిన పొరపాటు మొదలుకొని నౌకలోని పని ఒత్తిడి వరకు సమస్తమును విచారించి, రెండేండ్లు నిండకమునుపే నివేదిక ప్రకటించిరి. విమానవాహక నౌకలో మూత మరచిపోవుట కన్న తలవంపులేమున్నది? అట్లయ్యును ఆ నౌకాదళము కూలిపోలేదు.

మన రక్షణశాఖయే 2021 జూన్‌లో ఒక విధానము ప్రకటించి, యుద్ధముల చరిత్రలను అయిదేండ్లలో కూర్చవలెననియు, దస్త్రములను సాధారణముగా ఇరువదియైదేండ్లకు రహస్యముద్ర తొలగింపవలెననియు ఒప్పుకొన్నది. శత్రువుతో పోరాడిన యుద్ధమునకే అయిదేండ్లు చాలునన్నచో, శత్రువే లేని ప్రమాదమునకు రెండేండ్లు చాలవా? ప్రతి సైనిక విమాన ప్రమాదమునకును, విచారణ ముగిసిన రెండేండ్లలోపల, దాచదగినవి దాచి మిగిలిన నివేదికను పార్లమెంటు ఎదుట నుంచవలెననియు, అందు సిబ్బంది దోషమే గాక శిక్షణ, నిర్వహణ, పైయధికారుల ఆజ్ఞలు ఎంతవరకు కారణములో విడివిడిగా వ్రాయవలెననియు, అర్ధశిక్షణతో గాని అర్ధసిద్ధమైన యంత్రముతో గాని ఎవరినైన పంపియున్నచో పంపినవారి హోదాయు అందు నమోదు కావలెననియు మేము కోరుచున్నాము. ఇందుకు క్రొత్త చట్టమేమియు అక్కరలేదు. మంత్రిత్వశాఖ ఉత్తరువొకటి చాలును. మృతుల కుటుంబములకు ఆ నివేదిక పార్లమెంటు కన్న ఒకదినము ముందుగానే, వారి భాషలో, చేతికందవలెను. స్థాయీసంఘము వేయబోవు తరువాతి పట్టికలో కారణపు గడి ఇప్పటి వెడల్పుననే యున్నచో సభ్యులు దానిని త్రిప్పి పంపవలెను.