పేరు ఆమెది, తాళం అతనిది

ఈ సంచికకు కార్ల గురించి రాస్తానంటే మా సంఘంలోనే ఇద్దరు నవ్వారు. "వరకట్న చావులు, ఇళ్లలో హింస, భూమి హక్కు ఇవన్నీ అయిపోయాయా, ఇప్పుడు కార్ల మీద పడ్డావు?" అంది ఒక మిత్రురాలు. అయిపోలేదు. అవన్నీ ఇప్పుడు కారెక్కి కూడా వస్తున్నాయి. అందుకే రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం మా కౌన్సెలింగ్ కేంద్రానికి ఒకామె కోర్టు నోటీసు పట్టుకుని వచ్చింది. భర్త నుంచి విడిపోయి అప్పటికి ఏడాదిన్నర. ఎక్కడో రాత్రిపూట ఒక కారు సైకిలు మీద పోతున్న కూలీని గుద్దింది. అతను చనిపోయాడు. కారుకు ఇన్సూరెన్సు లేదు. ఆర్.సి. మాత్రం ఈమె పేరున ఉంది. ఆ కారును ఈమె కంటితో చూసి ఏడాదిన్నర అయింది. నడపడం అసలే రాదు.

పెళ్లయిన నాలుగో ఏట కుటుంబానికి కారు కావాలన్నారు. ఈమె కట్టుకున్న చిట్టీ డబ్బు, తాకట్టు పెట్టిన గొలుసు కలిపి ముందు చెల్లించారు. జీతం ఈమెకు ఉంది కాబట్టి లోను ఈమె పేరున, బండి ఈమె పేరున. కొన్న రోజున షోరూంలో వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసింది. లోను తీరిన రోజున మళ్లీ కొన్ని సంతకాలు. వాటిలో ఖాళీగా ఉన్న 29, 30 నంబరు ఫారాలు, అంటే యాజమాన్యం బదిలీ చేసే కాగితాలు ఉన్నాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. విడిపోయాక భర్త ఆ కాగితాలతో కారు అమ్మేశాడు. కొన్నవాడు పేరు మార్పించుకోలేదు. డబ్బు భర్తకు పోయింది, కారు ఎవరికో పోయింది, నోటీసు ఈమెకు వచ్చింది.

"నేనేం తప్పు చేశానక్కా?" అని అడిగింది. చట్టం దృష్టిలో ఆమె చేసింది ఒక్కటే. పేరు ఇచ్చింది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. బండి ఎన్ని చేతులు మారినా రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే పరిహారానికి వాళ్లే యజమాని. ఆ తీర్పును నేను తప్పుపట్టను. చనిపోయిన కూలీ భార్య కారు చేతులు మారిన వరసంతా వెతుక్కుంటూ తిరగలేదు. ఆమెకు డబ్బు రావాల్సిందే. కానీ ట్రిబ్యునల్‌లో ఆ రోజు ఎదురెదురుగా నిలబడింది ఎవరు? ఒక వైపు మొగుడు పోయిన ఆడది, మరో వైపు మొగుడు వదిలేసిన ఆడది. కారు నడిపినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు ముగ్గురూ వెనక వరసలో ఉన్నారు. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

కాబట్టి "చిన్న ఎస్.యు.వి. కొత్తది కొనాలా, పాతది కొనాలా?" అన్న చర్చ ఇంట్లో మొదలైనప్పుడు దాన్ని మగవాళ్ల ముచ్చటగా వదిలేసి మనం వంటింట్లోకి పోవడం ఎంతవరకు సబబు?

ఈ బండి ఎక్కడి నుంచి పుట్టిందో ముందు తెలుసుకోవాలి. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిలు ఇంజను 1500 సి.సి. దాటకూడదు అన్నారు. కంపెనీలు ఆ కొలతల్లోనే పెద్ద బండి ఆకారాన్ని ఇమిడ్చాయి. అదే మనం కాంపాక్ట్ ఎస్.యు.వి. అంటున్నది. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే సోనెట్ ఈ రకమే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి బళ్ల మీద జి.ఎస్.టి. 28 శాతం, సెస్సు పోయి మొత్తం 18 శాతం అయింది. ధర తగ్గింది కదా అని ఇళ్లలో ఈ మాట మళ్లీ మొదలైంది.

పోయిన ఏడాది మా చెల్లెలి కోసం నేనూ షోరూములు తిరిగాను. చెల్లెలు టీచరు. వాయిదాలు కట్టేది తన జీతంలోంచే. అయినా మేం వెళ్లిన ప్రతి చోటా సేల్స్ కుర్రాడు మా మరిదితో ఇంజను గురించి, మా చెల్లెలితో రంగు గురించి మాట్లాడాడు. చెల్లెలు ఎత్తు ఐదడుగులు. డ్రైవరు సీటులో కూర్చుంటే పెడల్ అందడానికి సీటు పూర్తిగా ముందుకు జరపాల్సి వచ్చింది. స్టీరింగుకూ గుండెకూ మధ్య జానెడు దూరం కూడా మిగల్లేదు. ఎయిర్‌బ్యాగ్ పేలేటప్పుడు దెబ్బ తగలకుండా ఉండాలంటే కనీసం పాతిక సెంటీమీటర్ల ఎడం ఉండాలి. సీటు ఎత్తు పెంచే మీట ఉందా అని అడిగాను. "అది పై వేరియంటులో ఉంటుంది మేడం. అయినా నడిపేది సార్ కదా!" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఈ వ్యాపారం మొత్తం ఉంది.

అతన్ని మాత్రమే అనడం ఎందుకు? చట్టమే ఆ మాట అన్నది. మన దేశంలో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై 1 నుంచి తప్పనిసరి. మరి పక్క సీటుకు? 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకు, ఆ ఏడాది ఆఖరుకు పాత మోడళ్లకు. అంటే దాదాపు రెండున్నరేళ్ల పాటు స్టీరింగు వెనక ఉన్న ప్రాణానికి రక్షణ తప్పనిసరి, పక్కన ఉన్న ప్రాణానికి కంపెనీ దయ. మన కుటుంబాల్లో స్టీరింగు వెనక ఎవరుంటారు? పక్క సీటులో చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఎవరుంటారు? ఆ నియమం రాసినవాళ్లు ఆడవాళ్లను చంపాలని రాశారని నేననను. వాళ్లకు మనం గుర్తు రాలేదు, అంతే. గుర్తు రాకపోవడమే పితృస్వామ్యం చేసే పని.

ఈ మరుపు మన దేశానిదే కాదు. కార్లను గుద్దించి చూసే పరీక్షల్లో ఎక్కువగా వాడే బొమ్మ 1976లో అమెరికాలో తయారైంది. దాని ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, అంటే సగటు అమెరికా మగవాడు. ఆడ బొమ్మ అని తర్వాత వచ్చింది ఆ మగ బొమ్మనే ఐదడుగులకు కుదించినది. ఆడవాళ్ల మెడ, కటి, కండరాలు వేరుగా ఉంటాయన్న సంగతి అందులో లేదు. ఫలితం ఏమిటి? 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కలు తీస్తే, సీటుబెల్టు పెట్టుకున్న మగ డ్రైవర్ల కంటే అలాంటి ప్రమాదాల్లోనే సీటుబెల్టు పెట్టుకున్న ఆడ డ్రైవర్లకు తీవ్ర గాయాలయ్యే అవకాశం 47 శాతం ఎక్కువని తేలింది. సగటు స్త్రీ కొలతలతో, 162 సెంటీమీటర్లు, 62 కిలోలతో మొదటి బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో బయటపెట్టింది. ఆ పని చేయడానికి ఒక ఆడ ఇంజనీరు రావలసి వచ్చింది.

2023 అక్టోబరులో మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. కార్లకు నక్షత్రాలు ఇస్తారు. మంచిదే, తప్పకుండా చూడండి. కానీ కంపెనీ ఇష్టమైతేనే పరీక్షకు వస్తుంది, తప్పనిసరి కాదు. పాత బండి కొనేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 2022 జూలైకి ముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ మన కార్లకు ఇచ్చిన నక్షత్రాలు ప్రధానంగా ముందు నుంచి గుద్దిన పరీక్షవి. ఆ తర్వాతే పక్క నుంచి గుద్దే పరీక్ష, బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు నక్షత్రాల లెక్కలోకి వచ్చాయి. 2019 నాటి ఐదు నక్షత్రాలూ ఇవాళ్టి ఐదు నక్షత్రాలూ ఒకటి కావు.

మరి కొత్తదా, పాతదా? నా అభిప్రాయం దాచుకోను. మెడలో గొలుసు తాకట్టు పెట్టి కొత్త బండి కింది వేరియంటు కొనే కంటే, అప్పు లేకుండా వచ్చే డబ్బుతో 2022 తర్వాత తయారైన మూడేళ్ల బండి, పై వేరియంటు కొనడం మేలు. షోరూం గేటు దాటగానే కొత్త కారు విలువ పడిపోతుంది. తాకట్టు వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పడిపోయే వస్తువు ఇంటిది, పెరిగే వడ్డీ ఆడదాని బంగారానిది అవుతుంది. అయితే పాత బండి ధరను ఇప్పటి కొత్త బండి ధరతోనే పోల్చండి, పన్ను తగ్గక ముందు ధరతో కాదు. డీలరు పాత కారు మీద 18 శాతం జి.ఎస్.టి. అంటే అది అతని లాభం మీద పన్ను, మొత్తం ధర మీద కాదు.

పాత బండిని ఎలా చూడాలో నేర్చుకోవడం మెకానిక్కుల పనే అనుకోవద్దు. సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగండి. బురద మరక గీతలా కనిపిస్తే అది వరదలో మునిగిన బండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనం చూశాం. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే పేలిన ఎయిర్‌బ్యాగ్ తిరిగి పెట్టలేదేమో అని అనుమానించండి. బాకీ ఉన్న లోను, చలాన్లు రవాణా శాఖ రికార్డులో చూడండి. వెనక మధ్య సీటుకు నడుము బెల్టు మాత్రమే ఉందా, భుజం బెల్టు కూడా ఉందా చూడండి. అక్కడ కూర్చునేది మన అమ్మో, అత్తగారో, ఆడపిల్లో. చంటిబిడ్డను ముందు సీటులో ఒళ్లో పెట్టుకోవద్దు. పేలిన ఎయిర్‌బ్యాగ్ ఆ బిడ్డ ప్రాణం తీస్తుంది. గర్భిణి అయితే కింది బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద తొడల మీద ఉండాలి.

ఒక విమర్శ వస్తుందని తెలుసు. "ఇదంతా మధ్యతరగతి ఆడవాళ్ల గొడవ. మన స్త్రీలు బస్సు కోసం నిలబడుతున్నారు" అంటారు. నిజమే. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. కారు కంటే ముందు బస్సు కావాలని నేనూ అంటాను. కానీ కారు పేద ఇంటి గడప దాకా రాలేదని ఎవరన్నారు? మొగుడు కిరాయికి తిప్పడానికి పాత కారు కొంటాడు. అందుకు డ్వాక్రా లోను ఆమె తెస్తుంది. కట్నంలో కారు అడగడం ఇవాళ ఊళ్లలో మామూలైపోయింది. 2021 జూన్‌లో కేరళలోని కొల్లం జిల్లాలో ఆయుర్వేద వైద్యం చదువుతున్న ఒక యువతి చనిపోయింది. కట్నంగా ఇచ్చిన కారు నచ్చలేదని భర్త ఆమెను వేధించాడు. అతను మోటారు వాహనాల శాఖ ఉద్యోగి. 2022 మేలో కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. అప్పీలు తేలేదాకా 2025లో సుప్రీంకోర్టు ఆ శిక్షను నిలిపింది. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. కారు అంటే కట్నం కాదు, బహుమతి అనే మాటను మనమే ముందు ఒప్పుకోవడం మానాలి. ఇక పుట్టింటివాళ్లు ఇష్టంతో ఆమెకు ఇచ్చిన వస్తువు స్త్రీధనం. దాని మీద పూర్తి హక్కు ఆమెదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాని ఆర్.సి. భర్త పేరున ఉంటే ఆ హక్కు నిరూపించుకోవడానికి ఆమె ఏళ్లు తిరగాలి.

మనం ఏం చేయాలి? ఖాళీ ఫారం మీద సంతకం పెట్టవద్దు, ఎంత దగ్గరివాడు అడిగినా. మీ పేరున బండి ఉంటే ఆర్.సి., ఇన్సూరెన్సు, రెండో తాళం మీ దగ్గర ఉండాలి. రవాణా శాఖ రికార్డులో నమోదైన ఫోన్ నంబరు మీదేనా, మీ ఆయనదా ఇవాళే చూసుకోండి. అమ్మితే చేతిలో డబ్బు పడగానే సరిపోదు. పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. పేరు మారిన కాగితం కళ్లతో చూడాలి. డ్రైవింగ్ నేర్చుకోండి. లైసెన్సు లేని యజమానికి పదిహేను లక్షల సొంత ప్రమాద బీమా కూడా వర్తించదు.

సంఘంగా మనం అడగాల్సినవి రెండు. భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో డ్రైవరు సీటులో సగటు స్త్రీ కొలతల బొమ్మను కూర్చోబెట్టాలి. ఎవరి పేరున బండి ఉందో ఆ మనిషి స్వయంగా వచ్చి ఒప్పుకోనిదే యాజమాన్యం బదిలీ కాకూడదు.

మా కేంద్రానికి వచ్చిన ఆమె ఇప్పుడు ప్రతి వాయిదాకూ ఊరి నుంచి బస్సులో వస్తోంది. ఆ కారు ఎక్కడుందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఈలోగా ఆమె లాంటి వాళ్లు ఏ షోరూంలోనో, ఏ లోను ఆఫీసులోనో వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెడుతూ ఉంటారు. వాళ్లు మన సంఘాల్లో ఉన్నవాళ్లే. ఈ నెల సమావేశంలో ప్రతి సభ్యురాలినీ ఒక్క ప్రశ్న అడుగుదాం: మీ ఇంట్లో బండి ఎవరి పేరున ఉంది, దాని కాగితాలు ఎక్కడున్నాయి?